ప్లెక్స్ సర్వర్ డేటా ఫోల్డర్‌ను సి డ్రైవ్ నుంచి వేరే డ్రైవ్‌కి మార్చడం ఎలా?

సినిమాలన్నీ పెద్ద హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. అయినా సి డ్రైవ్ మాత్రం ఎర్రగీత చూపిస్తూనే ఉంటుంది. ఇంట్లో ప్లెక్స్ సర్వర్ (మన దగ్గరున్న సినిమాలు, పాటలను ఇంట్లోని టీవీలకు, ఫోన్లకు అందించే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఏడాదో రెండేళ్లో గడిచాక ఈ తలనొప్పి మొదలవుతుంది. డౌన్‌లోడ్స్ ఖాళీ చేస్తారు, పాత గేములు తీసేస్తారు, డిస్క్ క్లీనప్ నడుపుతారు. వారం తిరిగేసరికి మళ్లీ అదే ఎరుపు.

ఎందుకంటే ప్లెక్స్‌కి రెండు రకాల సరుకు ఉంటుంది. ఒకటి మీ సినిమాలు, పాటలు, ఫోటోలు. వాటిని ఏ డ్రైవ్‌లో పెట్టాలో మీరే చెప్పారు. రెండోది సర్వర్ తన కోసం తయారు చేసుకునే డేటా: పోస్టర్లు, నటుల ఫోటోలు, ఎవరు ఏ సినిమా ఎక్కడ ఆపారన్న లెక్క. దీన్ని విండోస్‌లో ఎవరినీ అడగకుండా సి డ్రైవ్‌లో పెట్టుకుంటుంది. సినిమా ఫైల్ పోతే ఎక్కడో ఇంకో కాపీ దొరుకుతుంది. అమ్మ సీరియల్‌లో ఎన్నో ఎపిసోడ్ దగ్గర ఉందో, మీరు ఏళ్లతరబడి కూర్చుకున్న ప్లేలిస్టులు ఏమిటో మాత్రం ఈ ఫోల్డర్‌లోనే ఉంటాయి. కాబట్టి ఈ పనిలో తొందర కుదరదు. అసలు సూత్రం ఒక్కటే: కట్ చేసి పేస్ట్ చేయకండి. కాపీ చేయండి, అంతా నడుస్తోందని నమ్మకం కుదిరాకే పాతది తీసేయండి.

ఇది విండోస్ కంప్యూటర్‌లో ప్లెక్స్ నడుపుతున్నవాళ్ల కోసం రాసింది. అలాంటిదే ఇంకో సర్వర్ అయిన జెల్లీఫిన్ వాడేవాళ్లకు దారి కొంచెం వేరు, అది చివర్లో చెబుతాను. కమాండ్లను, ఫోల్డర్ పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కీబోర్డ్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి.

ముందు ఫోల్డర్ ఎంత ఉందో చూడండి

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న డబ్బాలో పర్సెంట్ గుర్తు, లోకల్‌యాప్‌డేటా, మళ్లీ పర్సెంట్ గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. మామూలుగా దాగి ఉండే యాప్‌డేటా ఫోల్డర్ లోపలికి నేరుగా వెళ్తారు. అందులో ప్లెక్స్ మీడియా సర్వర్ అన్న ఫోల్డర్ ఉంటుంది. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. సైజు లెక్కపెట్టడానికే కొన్ని నిమిషాలు తీసుకుంటే కంగారు పడకండి, లోపల లక్షల్లో చిన్న ఫైళ్లు ఉండటం మామూలే.

లోపల మెటాడేటా ఫోల్డర్‌లో పోస్టర్లు, బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు ఉంటాయి. ప్లగిన్ సపోర్ట్ లోపల డేటాబేసెస్ అన్న ఫోల్డర్ ఉంటుంది, అసలు ప్రాణం అదే. క్యాష్ ఫోల్డర్ పోయినా సర్వర్ మళ్లీ తయారు చేసుకుంటుంది. ఇక మీడియా ఫోల్డర్. సాధారణంగా జాగా తినేది ఇదే. సినిమా నడుస్తుండగా కింద గీతను ముందుకు లాగితే చిన్నచిన్న బొమ్మలు కనిపిస్తాయే, ఆ ప్రివ్యూ థంబ్‌నెయిల్స్ అన్నీ ఇక్కడ చేరతాయి.

మీడియా ఫోల్డర్ ఒక్కటే కొండలా ఉండి, ఆ బొమ్మలు ఇంట్లో ఎవరికీ అక్కర్లేదంటే సెట్టింగ్స్‌లో లైబ్రరీ పేజీకి వెళ్లి వీడియో ప్రివ్యూ థంబ్‌నెయిల్స్ తయారీని నెవర్ అని పెట్టండి. కొత్తవి చేరడం ఆగుతుంది. కొందరికి ఇదే సరిపోతుంది, డ్రైవ్ మార్చే పనే ఉండదు. సరిపోదనుకుంటే ముందుకు వెళ్దాం.

ఏ డ్రైవ్‌కి మార్చాలి?

నా ఓటు కంప్యూటర్ లోపల బిగించిన ఎస్ఎస్‌డీకే. సినిమా ఫైల్‌కి మామూలు హార్డ్ డిస్క్ చాలు, ఎందుకంటే అది ఒకే పెద్ద ఫైల్‌ని వరుసగా చదువుతుంది. ఈ ఫోల్డర్ అలా కాదు. టీవీలో ప్లెక్స్ తెరిచి కిందికి జరుపుతుంటే సర్వర్ వందల చిన్న ఫైళ్లను ఎక్కడెక్కడి నుంచో ఏరుకోవాలి. హార్డ్ డిస్క్ మీద పెడితే సర్వర్ నడుస్తుంది కానీ పోస్టర్లు ఒక్కొక్కటిగా, నీరసంగా పైకి తేలుతుంటాయి. మన విశాఖపట్నంలో ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో కొంటే బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, తర్వాత వారంటీకి పనికొస్తుంది.

యూఎస్‌బీ డ్రైవ్ మీద పెట్టొద్దు. కేబుల్ కాస్త కదిలితే చాలు, డేటాబేస్ తెరిచి ఉండగానే డ్రైవ్ మాయమవుతుంది. ఇంట్లో నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి కలిపే స్టోరేజ్ డబ్బా) ఉన్నా, నెట్‌వర్క్ షేర్ మీద ఈ ఫోల్డర్ పెట్టొద్దు. ప్లెక్స్ వాడేది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. ఒకరు రాస్తుండగా ఇంకొకరు రాయకుండా ఫైల్‌కి తాళం పడాలి. నెట్‌వర్క్ షేర్ల మీద ఆ తాళాన్ని నమ్మలేం. సినిమాలు నాస్‌లో ఉంటే పర్లేదు, డేటా ఫోల్డర్ మాత్రం వద్దు.

కొత్త డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేటప్పుడు ఎన్‌టీఎఫ్ఎస్ ఎంచుకోండి. ఎక్స్‌ఫ్యాట్ వద్దనడానికి గట్టి కారణం ఉంది. 32 జీబీ దాటిన డ్రైవ్‌ని విండోస్ ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే, మనం వేరే చెప్పకపోతే, ఫైళ్లను దాచే ఒక్కో గడి (క్లస్టర్) 128 కేబీ ఉంటుంది. 20 కేబీ పోస్టర్ అయినా గడి మొత్తం ఆక్రమిస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఆ గడి 4 కేబీ మాత్రమే. లక్షల ఫైళ్ల మీద ఈ తేడా ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి.

డ్రైవ్ లెటర్ కూడా ఇప్పుడే ఖాయం చేసేయండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, కొత్త డ్రైవ్‌కి పి అనో ఎం అనో అక్షర క్రమంలో దూరంగా ఉండేది ఇవ్వండి. డి, ఇ లాంటివైతే రేపు ఇంకో డిస్క్ పెట్టినప్పుడు అటూ ఇటూ అయ్యే అవకాశం ఎక్కువ. ఇకపై నేను పి డ్రైవ్ అనే రాస్తాను.

పాత డిస్క్ ఏదైనా వాడబోతుంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాని ఆరోగ్యం చూడండి. మన ఊళ్లో, ముఖ్యంగా లాసన్స్ బే, పెద వాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో, ఉప్పుగాలికి ఏసీ కాయిల్స్ తుప్పు పట్టడం అందరూ చూసిందే. కిటికీ పక్కన పెట్టిన క్యాబినెట్ లోపలి కనెక్టర్లకూ అదే గాలి తగులుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ చూపించే జాబితాలో సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అన్న అంకె రోజురోజుకీ పెరుగుతుంటే చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది. తప్పు కేబుల్‌దో కాంటాక్ట్‌దో అవుతుంది. సాటా కేబుల్ మార్చి చూసి, అంకె ఆగాకే పని మొదలుపెట్టండి.

మొదలుపెట్టే ముందు

కరెంటు సంగతి. అక్టోబర్, నవంబర్ వాయుగుండాల రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లో కూడా యూపీఎస్ ఉంటే మంచిది. ఇంటి ఇన్వర్టర్ మీద డెస్క్‌టాప్ నడుస్తుంటే, ఇన్వర్టర్ వెనకో పక్కనో ఉన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందేమో చూసుకోండి. లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు.

ఇప్పుడు సర్వర్ ఉన్న కంప్యూటర్‌లోనే బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్, కోలన్, 32400, స్లాష్, వెబ్ అని కొట్టండి. సెట్టింగ్స్‌లో సర్వర్ కింద ఉన్న లైబ్రరీ పేజీకి వెళ్లండి. ప్రతి స్కాన్ తర్వాత ట్రాష్ దానంతటదే ఖాళీ చేయమన్న టిక్ ఒకటి ఉంటుంది. దాన్ని తీసేయండి. మొత్తం పనిలో చాలామంది దాటేసే అడుగు ఇదే. మధ్యలో సినిమాల డ్రైవ్ కాసేపు కనిపించకపోతే సర్వర్ ఆ సినిమాలన్నీ పోయాయనుకుంటుంది. ట్రాష్ ఖాళీ చేసే టిక్ ఉంటే వాటి వివరాలు కూడా తుడిచేస్తుంది. టిక్ లేకపోతే అలాగే ఉంచి, డ్రైవ్ రాగానే మళ్లీ చూపిస్తుంది.

తర్వాత పి డ్రైవ్‌లో ప్లెక్స్‌డేటా అని ఒక ఖాళీ ఫోల్డర్ చేయండి. మళ్లీ సెట్టింగ్స్‌లో జనరల్ పేజీకి వచ్చి షో అడ్వాన్స్‌డ్ నొక్కితే, లోకల్ అప్లికేషన్ డేటా ఎక్కడ పెట్టాలో అడిగే గడి కనిపిస్తుంది. అందులో పి, కోలన్, బ్యాక్‌స్లాష్, ప్లెక్స్‌డేటా అని ఇచ్చి సేవ్ చేయండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు ఇవ్వాల్సింది పై ఫోల్డర్ పేరు మాత్రమే. దాని లోపల ప్లెక్స్ మీడియా సర్వర్ అనే ఫోల్డర్ కోసం సర్వర్ తనంతట తనే చూస్తుంది. ఆ పేరు కూడా మీరే రాసేస్తే ఫోల్డర్‌లో మళ్లీ అదే పేరుతో ఫోల్డర్ వెతుకుతుంది, ఏమీ దొరక్క కొత్త సర్వర్‌లా ఖాళీగా మొదలవుతుంది.

సేవ్ చేయగానే ఏమీ జరగదు. సర్వర్ తర్వాతిసారి స్టార్ట్ అయినప్పుడే కొత్త లొకేషన్ చూస్తుంది. కాబట్టి ఇప్పుడు రీస్టార్ట్ చేయకండి, పూర్తిగా ఆపండి. గడియారం పక్కనున్న ప్లెక్స్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ఎగ్జిట్ లేదా క్విట్ నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరిచి ప్లెక్స్ పేరుతో మొదలయ్యేవి ఏవీ మిగల్లేదని చూసుకోండి. సర్వర్ నడుస్తుండగా డేటాబేస్ కాపీ చేస్తే అప్పుడే రాస్తున్న సమాచారం సగం ప్రధాన ఫైల్‌లో, సగం దాని పక్కనే ఉండే వాల్ అన్న ఫైల్‌లో ఉంటుంది. అలా తెచ్చిన కాపీ తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చు.

కాపీ

మౌస్‌తో లాగి వదిలితే పని కాదా? అవుతుంది, కానీ విసుగొస్తుంది. రైతుబజార్‌లో వెయ్యి రూపాయల కూరలు కొని రూపాయి బిళ్లలతో చెల్లించినట్టు ఉంటుంది. మొత్తం పెద్దది కాకపోయినా లెక్క తెమలదు. పైగా ఈ ఫోల్డర్లలో పేర్లు చాలా పొడవు. 260 అక్షరాలు దాటిన పాత్ (డ్రైవ్ నుంచి ఫైల్ వరకూ ఉండే పూర్తి చిరునామా) దగ్గర ఎక్స్‌ప్లోరర్ మొండికేస్తుంది. విండోస్‌తోపాటే వచ్చే రోబోకాపీ అనే కాపీ కమాండ్‌కి ఆ ఇబ్బంది లేదు.

కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ముందు రోబోకాపీ అని కొట్టండి. ఒక ఖాళీ వదిలి డబుల్ కోట్స్ మధ్యలో పాత ఫోల్డర్ పూర్తి పాత్, మళ్లీ ఖాళీ వదిలి కోట్స్ మధ్యలో కొత్తది. కొత్తది మాత్రం ప్లెక్స్‌డేటా లోపల ప్లెక్స్ మీడియా సర్వర్ అని చివరి వరకూ పూర్తిగా రాయాలి, సెట్టింగ్‌లో రాసినట్టు పై ఫోల్డర్‌తో ఆపకూడదు. ఆ తర్వాత వరుసగా, ఒక్కోదాని మధ్య ఖాళీతో: స్లాష్ ఇ, స్లాష్ ఆర్ కోలన్ 2, స్లాష్ డబ్ల్యూ కోలన్ 5, స్లాష్ ఎంటీ కోలన్ 16.

స్లాష్ ఇ అంటే లోపలి ఫోల్డర్లన్నీ, ఖాళీవి కూడా తెమ్మని. ఎంటీ అంటే ఒకేసారి పదహారు చేతులతో పని చేయమని. ఆర్, డబ్ల్యూ మాత్రం మర్చిపోకండి. అవి ఇవ్వకపోతే ఏదైనా ఫైల్ తెరుచుకోనప్పుడు రోబోకాపీ ముప్ఫై సెకన్లకోసారి, పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అంటే మీరు పొద్దున్న లేచి చూసినా అదే ఫైల్ దగ్గర కూర్చుని ఉంటుంది. క్యాష్ ఫోల్డర్ అక్కర్లేదనుకుంటే చివర స్లాష్ ఎక్స్‌డీ అని, ఆ పక్కన కోట్స్‌లో పాత క్యాష్ ఫోల్డర్ పూర్తి పాత్ చేర్చండి.

రోబోకాపీ గురించి ఎక్కడైనా చదివితే స్లాష్ ఎంఐఆర్ అని కనిపిస్తుంది. ఇక్కడ దాని జోలికి పోకండి. అది రెండు ఫోల్డర్లనూ అచ్చం ఒకేలా చేస్తుంది, అంటే అవతల ఎక్కువగా ఉన్నవి చెరిపేస్తుంది. పొరపాటున పాత్‌లు తారుమారైతే ఖాళీ ఫోల్డర్‌ని చూసి మీ అసలు ఫోల్డర్‌ని ఖాళీ చేస్తుంది.

మధ్యలో కరెంటు పోయినా టెన్షన్ వద్దు. అదే కమాండ్ మళ్లీ నడపండి, అయినవి వదిలేసి మిగిలినవి తెస్తుంది. పూర్తయ్యాక కింద చిన్న పట్టిక వస్తుంది. అందులో ఫెయిల్డ్ అన్న వరుస కింద సున్నాలే ఉండాలి. సున్నా కాకపోతే పైకి జరిపి ఏ ఫైల్ దగ్గర ఆగిందో చదవండి. ఎక్కువగా సర్వర్ పూర్తిగా ఆగకపోవడమే కారణం. ఇంకో నిర్ధారణ కావాలంటే పాత, కొత్త మెటాడేటా ఫోల్డర్ల ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, సైజు పోల్చండి. సైజ్ ఆన్ డిస్క్ అన్నది చూడకండి, డ్రైవ్‌ని బట్టి అది మారుతుంది.

స్టార్ట్ చేసే ముందు పేరు మార్చండి

పాత ఫోల్డర్‌ని చెరపకుండా దాని పేరు చివర ఓల్డ్ అని తగిలించండి. జాగ్రత్త కోసం మాత్రమే కాదు, ఇది పరీక్ష కూడా. పాత పేరుతో ఫోల్డర్ లేదు కాబట్టి సర్వర్ పాత డేటా మీద రహస్యంగా నడిచే దారే ఉండదు. ఇప్పుడు సర్వర్ స్టార్ట్ చేయండి. లైబ్రరీలు, పోస్టర్లు, సగంలో ఆపిన సినిమాలు యథాతథంగా కనిపిస్తే కొత్త లొకేషన్ పని చేస్తోందన్నమాట.

కొత్త సర్వర్ పెట్టుకోమని స్వాగతం పలికితే గుండె జారిపోనక్కర్లేదు. మీ డేటా ఎక్కడికీ పోలేదు, సర్వర్ తప్పు చోట వెతుకుతోంది. ఏ లైబ్రరీనీ కొత్తగా చేర్చకుండా సర్వర్ ఆపేయండి. పి డ్రైవ్‌లో ఫోల్డర్ లోపల ఫోల్డర్‌గా అదే పేరు రెండుసార్లు వచ్చిందేమో చూడండి. వస్తే సర్వర్ కొత్తగా చేసుకున్న ఖాళీ ఫోల్డర్‌ని పక్కకు తీసి, అసలు దాన్ని ఆ స్థానంలో పెట్టండి. అది కాకపోతే రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, ప్లెక్స్ ఇంక్, ప్లెక్స్ మీడియా సర్వర్ వరకూ వెళ్లి, లోకల్‌యాప్‌డేటాపాత్ అన్న విలువలో ఏముందో చూడండి. మీరు సెట్టింగ్స్‌లో ఇచ్చింది చేరేది అక్కడికే. అక్షరం తప్పు ఉంటే ఇక్కడే దిద్దవచ్చు, కానీ అంతకుముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి.

డేటాబేస్ పాడైందని సర్వర్ గొడవ చేస్తే పాతది అలాగే ఉంది కాబట్టి సర్వర్ ఆపి మళ్లీ కాపీ చేయడం సులువు. దానికి తోడు ప్లెక్స్ మామూలుగా మూడు రోజులకోసారి డేటాబేస్ బ్యాకప్ తీస్తుంది. ఆ సంగతి చెబితే గుర్తొచ్చింది, సెట్టింగ్స్‌లో షెడ్యూల్డ్ టాస్క్స్ పేజీలో బ్యాకప్ డైరెక్టరీ అన్న గడి చూడండి. అందులో ఇంకా సి డ్రైవ్ పాత్ ఉంటే మార్చేయండి. ట్రాన్స్‌కోడర్ పేజీలో టెంపరరీ డైరెక్టరీ గడి ఖాళీగా ఉంటే, టీవీకో ఫోన్‌కో తగ్గట్టు వీడియోను మార్చే ఆ పని డేటా ఫోల్డర్‌తోపాటే కొత్త డ్రైవ్‌కి వచ్చేసినట్టు. ఎప్పుడో మీరే ఏదైనా పాత్ ఇచ్చి ఉంటే అది అలాగే ఉండిపోతుంది, చూసుకోండి.

జెల్లీఫిన్ అయితే

మా పక్క ఫ్లాట్ కుర్రాడు ఇదంతా విని, "అంకుల్, నాది జెల్లీఫిన్ కదా, అదే పద్ధతేనా?" అన్నాడు. సగం వరకూ అదే. విండోస్‌లో దాని డేటా మామూలుగా సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా, జెల్లీఫిన్, సర్వర్ అన్న చోట ఉంటుంది. చిక్కు ఏమిటంటే దాని డేటాబేస్‌లోనే పోస్టర్ల పూర్తి పాత్‌లు రాసి ఉంటాయి. ఫోల్డర్ మార్చి ఊరుకుంటే సర్వర్ లేచినా పాత చోటే వెతుకుతుంది.

అందుకే జంక్షన్, అంటే పాత చోటు నుంచి కొత్త చోటికి దారి చూపే లింక్, పెట్టడం మేలు. సర్వర్ ఆపండి. విండోస్ సర్వీస్‌గా పెట్టుకుని ఉంటే సర్వీసెస్ జాబితాలోకి వెళ్లి ఆపాలి. రోబోకాపీతో పి డ్రైవ్‌కి కాపీ చేసి, పాత సర్వర్ ఫోల్డర్ పేరు మార్చండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎంకెలింక్, స్లాష్ జె, కోట్స్‌లో పాత పాత్, కోట్స్‌లో కొత్త పాత్ ఇవ్వండి. ఎంకెలింక్ స్పెల్లింగ్ ఎం, కె, ఎల్, ఐ, ఎన్, కె. ఇక్కడ వరుస రోబోకాపీలాగే ఉంటుంది, పాతది ముందు. అంతే, పాత చోట ఫోల్డర్ ఉన్నట్టే కనిపిస్తుంది, ఫైళ్లు మాత్రం పి డ్రైవ్‌లో ఉంటాయి. సర్వర్‌కి మార్పే తెలియదు. ఒక హెచ్చరిక: సి డ్రైవ్‌లో కనిపిస్తున్న ఆ జంక్షన్ లోపలికి వెళ్లి ఏదైనా డిలీట్ చేస్తే పోయేది అసలు ఫైలే.

ప్లెక్స్‌కి కూడా జంక్షన్ పనిచేస్తుంది. సొంతంగా సెట్టింగ్ ఉన్నప్పుడు దాన్ని వాడటమే శుభ్రమని నా అభిప్రాయం.

పాతది ఎప్పుడు తీసేయాలి?

వారం ఆగండి. ఆ వారంలో ఇంట్లో అందరూ ఎప్పటిలా వాడనివ్వండి, కంప్యూటర్‌ని ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. లోకల్‌యాప్‌డేటాలో ప్లెక్స్ మీడియా సర్వర్ పేరుతో కొత్త ఫోల్డర్ పుట్టి పెరుగుతూ ఉంటే ఏదో ఇంకా పాత చోట రాస్తోందన్నమాట, సెట్టింగ్ మళ్లీ చూడండి. అంతా సవ్యంగా ఉంటే ట్రాష్ టిక్ మీకు కావాలంటే తిరిగి పెట్టుకోండి. నేనైతే తీసే ఉంచుతాను, నెలకోసారి చేత్తో ఖాళీ చేయడం పెద్ద పనేమీ కాదు.

ఓల్డ్ అని పేరు పెట్టిన ఫోల్డర్‌ని మామూలు డిలీట్ కాకుండా షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి తీసేయండి. రీసైకిల్ బిన్‌లోకి వెళ్తే అదీ సి డ్రైవ్‌లోనే ఉంటుంది, ఎర్రగీత అలాగే మిగులుతుంది.